పాట ఆగితే జిరాక్స్ మిషనే

మా బాపు నాకు ఇచ్చిపోయినవి రెండు: చేవెళ్ల బస్టాండు పక్కన ఒక మైక్‌సెట్ దుకాణం, లోకంలో ఉన్న మనుషులందరి మీదా అనుమానం. దుకాణానికి అప్పుడప్పుడు సెలవు ఇచ్చాను. అనుమానానికి మాత్రం ఒక్క పూట కూడా ఇవ్వలేదు.

బాపు హారన్ స్పీకర్లు కడితే ఆ పాట వికారాబాద్ గుట్టలకు తగిలి, తిరిగొచ్చి, మళ్లీ మా ఊళ్లోనే వినబడేది. అంటే ఒక పాటకు రెండు పాటల ఫలం. ఇది నేను పెంచి చెబుతున్నానని మా ఆవిడ అంటుంది. ఆమెది ముడిమ్యాల. వాళ్ల పొలంలో ఏనుగు పడుకున్నా "ఏదో దూడ ఉన్నట్టుంది" అనే కుటుంబం. బాపు ఒకే ఒక్క సూత్రం చెప్పేవాడు: "పెండ్లిల పాట ఆగిందంటే పెండ్లికొడుకు పారిపోయినట్టే లెక్క." పాట ఆగకూడదు. ఆగిందా, దాని వెనక ఎవడో ఉన్నట్టే.

అయితే కాలం మారింది. హైటెక్ సిటీ వైపు అద్దాల భవనాలు లేచాయి. వాటిలో వారమంతా కూర్చున్నవాళ్లు శనివారం వస్తే మొయినాబాద్ ఫాంహౌస్‌లకు వచ్చి గడ్డి మీద పొర్లడం మొదలుపెట్టారు. ఇటు ఊళ్ల పెళ్లిళ్లకు ట్రాక్టర్ల మీద ఇళ్లంత స్పీకర్ డబ్బాలు వచ్చేశాయి. అవి మోగితే గర్భంలో ఉన్న శిశువు కూడా చెవులు మూసుకుంటాడు. మా హారన్లను అడిగే దిక్కు లేదు. రెండు హారన్లలో పిచ్చుకలు గూళ్లు పెట్టుకున్నాయి. మా ఆవిడ చూసి చూసి ఒకరోజు తేల్చేసింది.

"షట్టర్ల జిరాక్స్ మిషన్ వెడుదాం. కాలేజీలు ఎన్ని లేచినయో సూస్తలేవా? పోరగాళ్లు కాయితాలు వట్టుకొని తిరుగుతున్నరు."

"మా బాపు మైక్‌సెట్ దుకాణంల జిరాక్సా?"

"మీ బాపు ఫొటోను గూడ జిరాక్స్ దీసి గోడకు వెడుదాం తియ్యి."

సరిగ్గా అప్పుడే మొయినాబాద్‌లో ఒక పెద్ద ఫాంహౌస్ చూసుకునే పెద్దమనిషి కబురు పెట్టాడు. ధోవతి, చేతికి జేబుగడియారమంత పెద్ద వాచీ, మాటకు ముందు దగ్గు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు పగటిపూట పార్టీ చేసుకుంటారట. "పొద్దుగాల పది గొట్టంగ షురూ జేస్తే నాలుగు దాంక పాట బందు గావద్దు. గిదొక్కటి మంచిగ నడిపిస్తె ఏడాదంత గీ ఫాంహౌస్ పాటల పని నీదే. నడుమల ఆగిందనుకో, పని మొయినాబాద్ మైకాయనకు పోతది" అన్నాడు. వింటున్న మా ఆవిడ వెంటనే నా వైపు తిరిగి, "ఆగిందనుకో, జిరాక్స్" అంది. ఇద్దరికీ సరే అన్నాను. అలా మా బాపు దుకాణం ఒక పాట చివర వేలాడింది.

మొయినాబాద్ మైకాయన గురించి చెప్పాలి. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. మనిషి ఎప్పుడూ నవ్వుతుంటాడు. ఆయన నవ్వితే నాకు ఎక్కడో ఫ్యూజు కాలిన వాసన వచ్చేది. పార్టీ రోజు జనరేటర్ కిరాయికి తెచ్చేది కూడా ఆయనే అని తెలిసింది. అంటే నా పాటకు కరెంటు, నేను ఓడిపోతే నా పని దొరకబోయే మనిషి చేతిలో ఉందన్నమాట. ఆ వారం నేను నిద్రపోలేదు. కునుకు పట్టినప్పుడల్లా ఆ నవ్వే కనబడింది.

అందుకని బందోబస్తు చేశాను. అప్పటికి అరచేతిలో పట్టే ఎంపీత్రీ డబ్బీలు కొత్త. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దవి, కానీ లోపల ఒక జిల్లాకు సరిపడా పాటలు. ఒకటి అసలుకు, అది పోతే రెండోది. మెహిదీపట్నంలో నెట్ సెంటర్‌లో కూర్చుని రెండింటిలోనూ అవే పాటలు అదే వరుసలో ఎక్కించుకున్నాను. రెండూ పోతే మా పాత క్యాసెట్ డెక్కు, గోనెసంచెడు క్యాసెట్లు. వైర్లకు వైర్లు, వైర్లు తెగితే అతకడానికి వైర్లు, టేపు, టేపు కోయడానికి కత్తెర, కత్తెర పోతే మా ఆవిడ పళ్లు. యుద్ధానికి వెళ్లే రాజులు కూడా ఇంత సరంజామా తీసుకుపోయి ఉండరు.

పార్టీ రోజు తెల్లారగానే పూజ చేశాను. మా బాపు దసరాకు హారన్లకు, ఆంప్లిఫయర్‌కు పసుపు కుంకుమ పెట్టేవాడు. నాకు ఆ రోజే దసరా. మొయినాబాద్ అన్న దిష్టి మామూలు బొట్టుతో ఆగేది కాదు కాబట్టి పసుపు తడిపి ముద్ద చేసి, మీద కుంకుమ అద్ది, బొటనవేలితో ఒత్తి ఒత్తి పెట్టాను. హారన్లకు నోరుంటుంది, ఆంప్లిఫయర్‌కు మొహం ఉంటుంది. ఈ చిన్న డబ్బీకి నుదురెక్కడో నాకేం తెలుసు? పైభాగమే నుదురై ఉంటుందని అక్కడే పెట్టాను. రెండింటికీ పెట్టాను. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే అది అలుగుతుందని.

"గది పాటల డబ్బీనా, బోనం కుండనా?" అంది మా ఆవిడ.

"నీకు దెల్వదు. గాయన కండ్లు మంచియి గావు."

"క్యాసెట్ డెక్కుకు వెట్టలే?"

"దాని దాంక ఎందుకు పోతది?"

ట్రాలీ ఆటోకు నిమ్మకాయ కట్టి బయలుదేరాం.

ఫాంహౌస్‌లోకి అడుగుపెట్టగానే నా అనుమానాలు నా కంటే ముందు దిగాయి. జనరేటర్ పక్కన అన్న స్టూలేసుకుని కూర్చుని ఉన్నాడు, నవ్వుతూ. "దా తమ్మీ, చాయ్ తాగుతవా?" అన్నాడు. చాయ్‌లో ఏం కలిపాడోనని ఆయన ముందు ఒక గుటక తాగే దాకా ఆగి తాగాను. వంటవాళ్లు మా వైర్ల మీద నుంచి గిన్నెలు మోస్తున్నారు. ఒకడు సరిగ్గా మూడుసార్లు ఒకే వైరు తొక్కాడు, నేను లెక్కపెట్టాను. నల్ల కళ్లద్దాల అబ్బాయి ఒకడు వచ్చి డబ్బీని చూసి "కెపాసిటీ ఎంత అంకుల్?" అన్నాడు. సమాచారం సేకరిస్తున్నాడని చెప్పలేదు. క్యాసెట్ డెక్కును ట్రాలీలో ఇనప పెట్టెలో దాచి తాళం వేశాను. తాళంచెవి జేబులో ఉంటే జేబు కొట్టేస్తారు, మా ఆవిడకిస్తే మాటల్లో పడి ఎక్కడో పెడుతుంది. అందుకని స్పీకర్ డబ్బా వెనక పలక విప్పి, తాళంచెవి లోపలేసి, పన్నెండు స్క్రూలూ మళ్లీ బిగించాను. దొంగ ఎంత గొప్పవాడైనా పాడే స్పీకర్‌లో చెయ్యి పెట్టడు. ఇంతటి ఆలోచన నాకు మళ్లీ జన్మలో రాలేదు, రాకపోవడమే మంచిది.

పదింటికి ఆనవాయితీ ప్రకారం మొదట దేవుడి పాట, తర్వాత మిగతావి. వచ్చినవాళ్లు ముప్పై నలభై మంది. నిజం చెప్పాలంటే నాకు మూడు వందల మందిలా కనబడ్డారు. వాళ్లలో రెండు జట్లు. కంప్యూటర్‌కు పని రాసేవాళ్లు ఒకటి, వాళ్లు రాసినదాంట్లో తప్పులు వెతికేవాళ్లు ఒకటి. రాసే జట్టుకు ఒక సారు పెద్ద, వెతికే జట్టుకు ఒక మేడమ్ పెద్ద. అనుమానించడానికే ఒక జట్టును పెట్టుకున్న కంపెనీ అది! మా బాపు బతికి ఉంటే అందులో పెద్ద ఉద్యోగమే ఇచ్చేవారు. అందరూ పొద్దున్నే చిలుకూరు గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి, అటునుంచి అటే వచ్చారట. కాళ్లు ఇంకా తిరుగుడు మీదే ఉన్నాయి. పాట పెట్టగానే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు.

భోజనాల దాకా ఏ గొడవా లేదు. అంత సాఫీగా జరగడమే నాకు అనుమానం కలిగించింది.

రెండు గంటలు దాటింది. ఎండ కాస్తోంది. మంచి ఊపులో ఉన్న పాటలో డప్పు దెబ్బ పడింది. దానితో పాటు పాటా పడిపోయింది. ఒక్క ఊపిరి తీసేంత సేపు. మళ్లీ వచ్చింది. అందరూ ఎగిరిన కాలు నేల దించకముందే వచ్చింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కరు తప్ప. వరండాలో కుర్చీలో కునికే పెద్దమనిషి కళ్లు తెరిచి వాచీ చూసుకున్నాడు.

మళ్లీ డప్పు. మళ్లీ చప్పుడు చచ్చింది. ఈసారి రెండు ఊపిరులు. నేను అసలు డబ్బీ పీకి, జేబులో దాచిన రెండోదాన్ని తగిలించాను. అది నాలుగు మాటలు పాడి, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు కరకరలాడి, మూగబోయింది. ఒకే రోజు, ఒకే గంటలో, రెండూ! ఇది మనిషి చేసిన పని కాకపోతే నా పేరు మార్చుకోవాలి. మొదటిదాన్నే మళ్లీ తగిలించాను. కొంచెం పాడింది, ఆగింది, పాడింది.

"డెక్కు దియ్యి" అంది మా ఆవిడ.

"తాళం ఏసిన."

"చెవి ఏది?"

నేను స్పీకర్ వైపు చూశాను. ఆమె కూడా స్పీకర్ వైపు చూసింది. పన్నెండు స్క్రూలు మా ఇద్దరి వైపూ చూశాయి. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను చాలా రకాలుగా చూసింది కానీ, ఆ చూపు అంతకుముందు లేదు, తర్వాతా లేదు. అందులో నాకు జిరాక్స్ మిషన్ స్పష్టంగా కనబడింది, మీద మూత తెరిచి.

అటు పెద్దమనిషి వరండా దిగాడు. ధోవతి కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతి వాచీ ముందుకు చాపి, గడ్డి మీదుగా మా వైపే వస్తున్నాడు. డాన్స్ చేసేవాళ్లు ఆగి నా వంక చూస్తున్నారు. మా ఆవిడ మైకందుకుంది. చేవెళ్ల కూరగాయల మార్కెట్లో బేరం చేసే గొంతు అది, మైకు దానికి అలంకారం మాత్రమే.

"ఇప్పుడు కుర్చీలాట! అందరు కుర్చీలు దెచ్చుకోన్రి! పాట ఎప్పుడు ఆగుతదో దేవునికే ఎర్క!"

సాఫ్ట్‌వేర్ వాళ్లు కేకలేస్తూ కుర్చీలకు పరుగెత్తారు. పెద్దమనిషి దగ్గుకుంటూ మా దగ్గరికి చేరాడు. "పాట ఆగినట్టున్నది గద?" అన్నాడు.

"ఆగకుంటె కుర్చీలాట ఎట్లాడ్తరు పెద్దయ్యా?" అంది మా ఆవిడ.

ఆయన దగ్గరున్న దగ్గులన్నీ దగ్గాడు. ఒక కుర్చీ లాక్కుని, మా బల్ల పక్కనే కూర్చున్నాడు. అది ఇంకా పెద్ద ప్రమాదం.

ఆట మొదలైంది. డబ్బీ పాడుతుంది, దానికి తోచినప్పుడు ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఒకరు అవుటు, మిగతావాళ్ల చప్పట్లు. నేను ఆ సందు చూసుకుని జనరేటర్ దగ్గరికి ఉరికాను.

"ఏందన్నా, నీ కరెంటు గడబిడ జేస్తున్నది?"

"నా కరెంటు పోతె గా కూలర్ గూడ బందు గావాలె గద తమ్మీ. తిరుగుతనే ఉన్నది సూడు."

చూశాను. కూలర్ నన్ను వెక్కిరించడానికే అన్నట్టు తిరుగుతోంది.

"ఏది, నీ డబ్బీ ఇటియ్యి" అన్నాడు.

ఇవ్వాలా? శత్రువు చేతికి ఆయుధం ఇచ్చినట్టే కదా? కానీ రెండో డబ్బీ ఎలాగూ మూగది. ఇచ్చాను, ఒక చెయ్యి దాని మీదే ఉంచి. ఆయన దాన్ని ఎండకు పట్టాడు. వైరు దూర్చే రంధ్రంలోకి ఒక కన్ను మూసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గిదేంది తమ్మీ, పొక్కల పసుపున్నది?"

నేను నుదురనుకున్న చోట, సరిగ్గా బొట్టు మధ్యలో, దాని చెవి, అంటే వైరు దూర్చే రంధ్రం, ఉందన్నమాట. పొద్దున తడిగా ఉన్నంతసేపు పాడింది. ఎండకు ఎండి పెచ్చులు కట్టాక, డప్పు మోగి బల్ల అదిరినప్పుడల్లా వైరు పట్టు తప్పుతోంది. రెండింటికీ ఒకే చెయ్యి, ఒకే వేలు, ఒకే భక్తి. అందుకే రెండూ ఒకే వేళకు పోయాయి.

"చెల్లె దగ్గర పిన్నీసు ఉంటది, దేపో" అన్నాడు అన్న. మా ఆవిడ గాజుకు ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తెచ్చిచ్చాను. ఆయన స్టూలు మీద కూర్చుని కంసాలిలా గీకాడు. అరచేతిలోకి రాలిన కుంకుమతో ఒక చిన్న జాతర చేయొచ్చు.

"పాట ఆగితె పని నీకే వస్తది గదన్నా. నాకెందుకు బాగు జేస్తున్నవ్?" నిలదీశాను.

"పాట ఆగితె జనం నిన్నెందుకు తిడ్తరు పిచ్చోడా? కరెంటోన్ని తిడ్తరు. నా జనరేటర్‌కు బద్నాం."

నమ్మేలాగే ఉంది. అందుకే నమ్మలేదు.

బాగైన డబ్బీ పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆట చివరికొచ్చింది. ఒకే కుర్చీ, ఇద్దరు మనుషులు: సారు, మేడమ్. రెండు జట్లూ కేకలు. ఇప్పుడు డబ్బీ మారిస్తే ఆట పాడవుతుందని నేను దాన్ని జేబులోనే ఉంచి, పాడైన దాన్ని అలాగే పాడనిచ్చాను. అప్పుడు సారు ఆగి, నా వైపు వేలు చూపించాడు.

"ఆయన మేడమ్ కోసం ఆపుతున్నాడు. ఫిక్సింగ్!"

"మీ టీమ్ కోసమే ఆపుతున్నాడని నాకు డౌటు" అంది మేడమ్. "అన్నా, మీరు మూడడుగులు వెనక్కి జరగండి. చేతులు పైకెత్తండి."

అలా నేను గడ్డి మీద, దొంగలా చేతులెత్తి నిలబడ్డాను. డబ్బీ ఒంటరిగా బల్ల మీద పాడుతోంది. అంతసేపూ మాటమాటకూ ఆగిన ఆ మహాతల్లి ఇప్పుడు ఆగనంటోంది! ఒకటి, రెండు, ఐదు, పదకొండు ప్రదక్షిణలు. పొద్దున అలవాటైన కాళ్లు కాబట్టి తిరుగుతున్నారు. నూట ఎనిమిదికి చేరతారేమోననిపించింది. సారు చొక్కా తడిసిపోయింది. నా చేతులు లాగేస్తున్నాయి. పెద్దమనిషి కళ్లు వాచీ మీద కాక డబ్బీ మీద ఉన్నాయి.

అప్పుడు మా ఆవిడ నీళ్ల బిందె చంకన పెట్టుకుని బల్ల పక్క నుంచి వెళ్లింది. ఆమె నడుము బల్ల అంచుకు తగిలింది. పాట ఆగింది. మేడమ్ కుర్చీలో ఉంది, సారు గడ్డిలో ఉన్నాడు.

"కాలు జారింది" అంది మా ఆవిడ, తర్వాత నేను అడిగితే. ఇరవై ఏళ్లయినా అదే మాట మీద ఉంది. కాలు జారితే నడుమెలా తగిలిందో ఇప్పటికీ చెప్పదు.

సారు మళ్లీ ఏదో అనబోయాడు. తప్పులు వెతికే మేడమ్ స్వయంగా తీర్పు చెప్పింది: "మనిషి ఆపితే ఇంత న్యాయంగా ఆగదు సార్. ఎవరూ ముట్టుకోలేదు, నేను చూస్తూనే ఉన్నాను." జట్టు జట్టంతా చప్పట్లు. ఆ చప్పట్లలో నేను చేతులు దించి, బాగైన డబ్బీ తగిలించాను. అక్కణ్ణుంచి నాలుగు గంటల దాకా పాట తుమ్మలేదు, దగ్గలేదు.

నాలుగయ్యాక పెద్దమనిషి మా ఇద్దరినీ పిలిచాడు. జనరేటర్ అన్న కూడా వచ్చి నిలబడ్డాడు, ఎవరూ పిలవకుండానే.

"పాట శాన సార్లు ఆగింది" అన్నాడు పెద్దమనిషి.

మా ఆవిడ చీర కొంగు సర్దుకుంది. నేను మా బాపును తలుచుకున్నాను.

"గని ఆగినప్పుడల్ల జనం సప్పట్లు గొట్టిన్రు. గసొంటిది నేను సూడలే. పని నీకే. గని ఒక్కటి. గా తనంతట తనే ఆగే డబ్బీ ఉన్నది సూడు, అది మర్వకుండ దేవాలె. గదే గావాలని సార్లు అడుగుతున్నరు."

అన్న నా వైపు చూశాడు. నవ్వాడు. ఆ ఒక్క మాట, 'అది ఆటోమేటిక్ గాదు పెద్దయ్యా, పొక్కల పసుపు' అనే మాట, ఆయన పళ్ల వెనకే ఉంది. నాకు కనబడుతోంది. చెప్పలేదు. స్టూలు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పన్నెండు స్క్రూలు విప్పి తాళంచెవి తీశాను. మా ఆవిడ పక్కన నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది, గట్టిగా, తోటమాలికి కూడా వినబడేలా.

అప్పటి నుంచి ప్రతి పార్టీకీ నా దగ్గర రెండు డబ్బీలు ఉండేవి: ఒకటి శుభ్రమైనది, ఒకటి బొట్టు పెట్టినది. బొట్టు అంత సులభం కాదని అప్పుడు తెలిసింది. పసుపు ఎక్కువైతే అసలు పాడదు, తక్కువైతే అసలు ఆగదు. పొద్దున పెడితే మధ్యాహ్నం రెండు గంటలకు పండుతుంది. నేను ఈ విద్యలో ఎంత ఆరితేరానంటే, ఎండను చూసి ఎన్నవ డప్పు దెబ్బకు ఆగుతుందో చెప్పగలిగేవాణ్ణి. జిరాక్స్ మిషన్ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

జనరేటర్ మాత్రం ప్రతిసారీ అన్నదే. పెద్దమనిషి పక్కనే ఉన్నప్పుడు, సరిగ్గా అప్పుడే, గట్టిగా పలకరించేవాడు: "ఏం తమ్మీ, బొట్టు వెట్టినవా?" "వెట్టినన్నా" అనేవాణ్ణి. పెద్దమనిషి, ఎంత భక్తి అని మెచ్చుకునేవాడు. ఒక్కసారి కూడా బయటపెట్టలేదు ఆయన. దేనికోసం దాచుకుంటున్నాడో, ఏ రోజుకు దాచుకుంటున్నాడో అని ప్రతి పార్టీలోనూ ఆయన మీద ఒక కన్ను వేసే ఉంచాను.

ఒకరోజు ఆయన చాయ్‌కి వెళ్లిన సందు చూసి జనరేటర్ చుట్టూ తిరిగి పరీక్షించాను. దాని ముందు భాగాన, ఏ రంధ్రానికీ తగలకుండా, అరచేయంత పసుపు, మీద కుంకుమ. కింద నిమ్మకాయ, నా దానికి రెండింతలు. ఎర్రదారంతో మిరపకాయలు కూడా. ఇంతలో వెనక నుంచి అన్న దగ్గాడు.

"ఇంత పెద్ద నిమ్మకాయ ఎవరి దిష్టికన్నా?" అన్నాను.

"ఎవరిదో నీకు దెల్వదా తమ్మీ" అని, చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఆయన మొదట ఒక గుటక తాగే దాకా ఆగాను. ఆయన కూడా నేను తాగే దాకా ఆగాడు.